లాకులు, నీటివంతెన

 

మన ఒట్టపిడారం వానను నమ్ముకొన్న నల్లరేగడి సీమ. పాఠములో ‘లాకు’ అనగానే మీకు తలుపు తాళము తోచుట సహజమే. గోదావరి సీమలో లాకు అనగా పడవ ఎక్కే నీటిమెట్టు. పడవ తొట్టిలోనికి రాగానే వెనుక తలుపులు మూసి, పైకాలువ నీటిని మెల్లగా వదులుతారు. నీటితోపాటే పడవా లేచును. మట్టములు సమమైనపుడు ముందు తలుపులు తెరుచుకొనును. పడవను ఎత్తుటకు వేరే యంత్రమేదీ లేదు.

ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 1847లో ఆరంభించి 1852లో ముగించెను. అటుపై గన్నవరం వద్ద వైనతేయ పాయపై హేగ్ అను ఇంజనీరు 49 కమానుల వంతెన కట్టించెను. దానిపై నడిచినది బండ్లు కావు, కాలువ! నగరం లంక పండినది ఆ నీటితోనే.

ఇసుకలో పునాది నిలిపే విద్యను కాటన్ నేర్చినది మన కావేరిపై గల కల్లణై వద్ద. ఆ సంగతి ఆయనే ఒప్పుకొన్నాడు. మన పూర్వులు తెలుగును ఉత్తరమునుండి ఇటు తెచ్చిరి. ఈ విద్య ఇటునుండి అటు పోయినది. కల్లణై రాళ్ళు పేర్చిన వారి పేర్లు, గన్నవరం కూలీల పేర్లు మాత్రం ఎవరూ వ్రాసియుంచలేదు. పాతదాని ప్రక్కన లేచిన క్రొత్త వంతెనకు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుట నాకెంతో నచ్చినది.

విహారయాత్రలో కల్లణై చూచునపుడు రాళ్ళనే కాక, వాటి క్రింది ఇసుకను కూడ చూడుడు.