రెండు నిలువు గీతలు

(కాప్రాలో జరిగిన జానపద సాహిత్య సదస్సులో అధ్యక్షోపన్యాసం)

పాడేవాళ్లకు వెనక కుర్చీలు, పాట గురించి మాట్లాడేవాళ్లకు ముందు కుర్చీలు వేసే అలవాటు మన సదస్సుల్లో ఇంకా పోలేదు. కళాకారులు దయచేసి ముందుకు రండి. ఖాళీలున్నాయి.

ఈ సభ కాప్రాలో జరగడం నాకు ప్రత్యేకమైన సంతోషం. చెరువు ఒడ్డున ఇళ్లకంటే రాళ్లు ఎక్కువున్న రోజుల నుంచి నేను ఇక్కడే కాపురముంటున్నాను. ఇక్కడికి అల్వాల్ వెంకటాపురం ఎంత దూరమో మీలో చాలామందికి తెలుసు. లోకమంతా గద్దర్ అని పిలుచుకున్న గుమ్మడి విఠల్ గారు ఉన్నది అక్కడే. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగిందీ అక్కడే. వెన్నులో దిగిన తూటా ఒకటి తీయకుండానే ఉండిపోయింది. దాన్ని మోస్తూనే ఆయన మరో ఇరవై ఆరేళ్లు ఆడారు, పాడారు. 2023 ఆగస్టు 6న కన్నుమూశాక, తాను పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే ఆయన్ను సమాధి చేశారు. ఇంత దగ్గర్లో సభ పెట్టుకుని నేను మరొకరి గురించి మాట్లాడలేను.

జీవిత విశేషాలు మీకు చెప్పనక్కర్లేదు. తూప్రాన్, ఇంజనీరింగు చదువు, బి.నర్సింగరావు గారి స్నేహం, 1972లో జననాట్యమండలి, వంగపండు ప్రసాదరావు గారితో జోడీ, కెనరా బ్యాంకు ఉద్యోగం, దాన్ని వదిలేయడం, అజ్ఞాతవాసం. చివరి దశలో ఆయన ఎవరితో నడిచారు, ఎవరిని వదిలారు అనే వాదన ఈ సభది కాదు. ఆ వాదనకు వేరే వేదికలున్నాయి, అక్కడ మాట్లాడేవాళ్లకూ కొదవ లేదు. నాది ఒకటే ప్రశ్న. నలభై ఏళ్లుగా అదే అడుగుతున్నాను. పాట పుస్తకంలో పల్లవి దగ్గర వేసే ఆ రెండు నిలువు గీతల మధ్య ఏముంది?

మీకందరికీ తెలిసిన గుర్తే అది. చరణం అయిపోగానే పల్లవిలోని మొదటి మాట ఒక్కటి రాసి, దానికి అటూ ఇటూ జంట గీతలు గీస్తారు. ఇక్కడ పల్లవి మళ్లీ పాడుకోండని దానర్థం. కాగితం మిగులుతుంది, అచ్చు ఖర్చు తగ్గుతుంది. ఆ గీతల మధ్య మనం జనాన్ని కూడా పోగొట్టుకున్నామని నా ఆరోపణ.

1990 ఫిబ్రవరిలో, మర్రి చెన్నారెడ్డి గారి ప్రభుత్వం ఆంక్షలు సడలించినప్పుడు, నిజాం కాలేజీ మైదానంలో జరిగిన గద్దర్ సభకు నేనూ వెళ్లాను. భుజాన టేపురికార్డరు, సంచిలో ఖాళీ క్యాసెట్లు. ఆ జనసముద్రంలో వేదిక దగ్గరికి పోవడం నా వల్ల కాలేదు, ఎక్కడో మధ్యలో చిక్కుకుపోయాను. ఇంటికొచ్చి వింటే నీరసం వచ్చింది. గాయకుడి గొంతు దూరంగా, సన్నగా ఉంది. నా చుట్టూ ఉన్నవాళ్ల గొంతులే పెద్దగా ఉన్నాయి. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో పిల్లాణ్ని కసురుతున్నారు. రికార్డింగు చెడిపోయిందనుకుని క్యాసెట్టును అటక మీద పడేశాను.

ఏడాది తర్వాత, ఒక పాట పూర్తి పాఠం కావాల్సి వచ్చి దాన్ని దించాను. పల్లవి వచ్చిన ప్రతిసారీ ఏం జరిగిందో కాగితం మీద రాసుకుంటూ విన్నాను. మొదటిసారి ఆయన ఒక్కరే, డప్పు లేకుండా, రాగం సాగదీసి పాడారు. రెండోసారి మండలివాళ్లు అందుకున్నారు. మూడోసారి నా పక్కనున్న ఆడవాళ్లు సన్నగా కలిశారు, మాటలు ఇంకా రాలేదు, చివరి అక్షరం దగ్గర మాత్రమే కలిశారు. తర్వాత ఆయన సగం పాడి ఆపేశారు, మిగతా సగం మైదానం పాడింది. ఆ తర్వాత జనం డప్పుకంటే ముందుకు పోయారు. డప్పు కళాకారుడు దరువు మార్చి వాళ్లను అందుకోవాల్సి వచ్చింది. అప్పుడు పాట ఆగింది. ఆయన మాట మొదలుపెట్టారు, ఊరి సంగతి, అమ్మ సంగతి, ధరల సంగతి. ఆ మాటలోంచే గజ్జె కదిలింది, మళ్లీ పల్లవి. ఈసారి పాడినవాళ్లలో ఏడుస్తున్నవాళ్లున్నారు, గొంతులో తెలుస్తోంది. అచ్చు పుస్తకంలో ఇన్నింటికీ కలిపి ఆ గీతలే ఉన్నాయి.

పునరుక్తి వేరు, వంత వేరు. బుర్రకథ తెలిసిన మనకు ఇది కొత్తగా చెప్పాలా? షేక్ నాజర్ గారి పక్కన నిలబడ్డ ఇద్దరు గుమ్మెట వాయించడానికి మాత్రమే ఉన్నారా? ఒకరు రాజకీయం చెబుతారు, ఒకరు హాస్యం చెబుతారు, ఇద్దరూ కలిసి కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు. వంతను తీసేస్తే బుర్రకథ ఉపన్యాసమైపోతుంది. గద్దరన్న చేసిన పెద్ద పని, నా లెక్కలో, ఆ వంతను వేదిక మీంచి దించి మైదానం మొత్తానికి అప్పజెప్పడం. గోచీ, గొంగడి, గజ్జెలు, చేతికర్ర అందరికీ కనిపించాయి. ఈ అప్పగింత మాత్రం వింటేనే తెలుస్తుంది.

దీనికి అభ్యంతరం చెప్పిన పెద్దలున్నారు. వెనకటి ఒక సదస్సులో మాన్య పండితులొకరు, నేను వినిపించిన టేపును మధ్యలో ఆపించి, ఈ రొద పరిశోధనకు పనికిరాదు, పాఠం ఇవ్వండి అన్నారు. ఆ రొదే పాఠమని అప్పుడు చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. వారు ఈ సభలో ఉన్నారు, వారిపట్ల నాకు గౌరవముంది, ఈ విషయంలో వారు పొరబడ్డారు. మరికొందరు పాఠమిచ్చేటప్పుడు గద్దర్ మెదక్ మాటను దిద్ది, శిష్టభాష చేసి అచ్చు వేశారు. అది సంస్కరణ కాదు, దొంగతనం.

కర్త పేరు తెలిసిన పాట జానపదం కాదనేవాళ్లది ఇంకొక వాదం. బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో సిద్ధాంతగ్రంథం రాసినప్పుడు, నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి పాటలు ఏరినప్పుడు, అజ్ఞాతకర్తృత్వం ఒక ముఖ్యలక్షణంగా పనికొచ్చింది. ఆ పెద్దల అడుగుజాడల్లోనే నేనూ నడిచాను. కానీ ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంగడి కప్పుకుని పాడిన పాట సంగతి చూడండి. రాసింది బండి యాదగిరి, తెలంగాణ సాయుధపోరాట కాలపు మనిషి. ఇవాళ బజార్లో పదిమందిని అడగండి, గద్దర్ పాట అంటారు, లేదా మా ఊరి పాట అంటారు. యాదగిరి పేరు చెప్పేవాళ్లు ఎందరు? పేరు పోవడమనేది మన కళ్లముందే జరిగిపోయింది. పాట పుట్టినప్పుడు కర్త ఉంటాడు, వంతపాడేవాళ్ల నోళ్లలో పడి పేరు అరిగిపోతుంది. అజ్ఞాతకర్తృత్వం పాటకు పుట్టుకతో వచ్చేది కాదని, వంత వల్ల వచ్చేదని నేను ప్రతిపాదిస్తున్నాను. ఆ అరుగుదల ఎలా జరిగిందో చూపించే సాక్ష్యం సభల టేపుల్లో తప్ప మరెక్కడా దొరకదు. అందుకని యాదగిరి పేరు మరచిపోవచ్చని కాదు. మనం గుర్తుపెట్టుకోవాలి, అది మన వృత్తిధర్మం.

అలాంటి టేపులు దాచుకుంటే ఏమవుతుందో చూడండి. అమెరికాలో పీట్ సీగర్ 1963 జూన్ 8న న్యూయార్క్ కార్నెగీ హాల్లో కచేరీ చేశారు. ఆ ఏడే రికార్డు వచ్చింది, ఒక్క గ్రామఫోను పళ్లెంలో పట్టినంత మేరకే. మొత్తం కచేరీని రెండు డిస్కులుగా తెచ్చింది 1989లో. సీగర్ కూడా శ్రోతలకు వరస నేర్పి పాడించుకునే గాయకుడే, ఆ హాలు గొంతు వినకుండా ఆయన్ను అంచనా కట్టలేం. మూలం టేపు దాచారు గనక ఇరవై ఆరేళ్ల తర్వాతైనా అది సాధ్యమైంది. మన దగ్గర జీన్ రోఘేర్ పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడిన వీరుల కథను టేపు చేసుకుని 1982లో పుస్తకం చేశారు. పరాయిదేశం నుంచి వచ్చిన మనిషికి ఒక గాయకుడి ముందు అన్ని గంటలు కూచునే ఓపిక ఉంది. అల్వాల్‌కు కూతవేటులో ఉన్న మనకు లేకపోయింది.

రాష్ట్ర ప్రభుత్వం సినిమా అవార్డులకు గద్దర్ పేరు పెట్టింది. సంతోషం. కానీ ఆయన కళలో సినిమా భాగం బహు కొద్దిది. ఆయన సభల టేపులన్నీ ఒకచోట దొరికే గది ఒక్కటి కావాలని నేను ఈ వేదిక మీంచి అడుగుతున్నాను. ఆ టేపులను మాటామాటా రాయాలి, పాట మధ్య చెప్పిన మాటతో సహా, జనం అందుకున్న చోట జనం అని రాయాలి. డప్పు ఎవరిది, ఢోలక్ ఎవరిది, వంతలో ఉన్న అమ్మాయిలెవరు, ఆ పేర్లు రాయాలి. వాళ్లలో బతికున్నవాళ్లను ఇప్పుడే అడగాలి.

ఒక సంస్థకు నేను నా క్యాసెట్లు కొన్ని భద్రపరచమని ఇచ్చాను. పేరు చెప్పను. మూడేళ్లకు వెళ్తే, కారుతున్న పైకప్పు కింద అట్టపెట్టెలో దొరికాయి. రీలు మీద తెల్లగా బూజు. ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన నా మిత్రుడు ఒక్కొక్కదాన్నీ మరలు విప్పి, కొత్త డబ్బాల్లోకి మార్చి, తెగినచోట అతికించి, సగానికి సగం బతికించాడు. మిగతా సగం పోయినట్టే. వాటిలో ఒకటి సిద్దిపేట పక్కన ఒక పల్లెలో, లాంతరు వెలుగులో పట్టిన పాట. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు.

మీ ఇళ్లలో కూడా ఉంటాయి. తొంభై నిమిషాల క్యాసెట్లను ముందు చూడండి, వాటి రీలు పలచన, త్వరగా తెగుతుంది. బూజు కనిపిస్తే ఆడించకండి, ఆ బూజు యంత్రానికి పట్టి తర్వాతి క్యాసెట్టుకు కూడా అంటుతుంది. వెనక అంచున రెండు చిన్న రేకులుంటాయి, వాటిని విరగ్గొట్టండి, అప్పుడు పిల్లలు పొరపాటున మీట నొక్కినా పాట చెరిగిపోదు.

భోజనాల తర్వాత పత్రసమర్పణలకు ముందు, నా నిజాం కాలేజీ క్యాసెట్టును రెండువైపులా వినిపిస్తాం. మొదటివైపు అయిపోయే చోట పాట నడుస్తూనే ఉంది. నేను క్యాసెట్టు తిరగేసేలోపు ఒక చరణం పోయింది, ముప్పై ఏళ్లకు పైగా వెతుకుతున్నాను, ఏ పుస్తకంలోనూ ఆ రోజు పాడిన తీరులో లేదు. ఆ సభకు వచ్చినవాళ్లు మీలో కొందరున్నారు. ఎవరికైనా గుర్తొస్తే ఉన్నచోటే లేచి అందుకోండి, నా మిత్రుడు పక్కనే రికార్డరు పెట్టుకుని కూచుంటాడు.