అడగలేని వారి ఆకలి



గోదావరి సీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారికి సైతం అన్నం వడ్డించారు. మా పేటలో స్వచ్ఛంద సేవకులతో నడిచే ఉచిత సరుకుల కొట్టుకు ఆ తల్లి బాటే ఆదర్శం.

పండుగలకు బియ్యం బస్తాలు సమృద్ధిగా వస్తాయి. నెలాఖరుకు కందిపప్పు, నూనె నిండుకుంటాయి. నా అనుభవంలో అంతకు మించిన కొరత, వాటిని తూచి, పొట్లాలు కట్టి, ఇంటింటికీ చేర్చే చేతులది. వరుసలో నిలబడటానికి అభిమానం అడ్డువచ్చే వృద్ధులు ఎందరో ఉన్నారు. చీకటి పడ్డాక వారి గడపకు మేమే సంచి చేరుస్తాము. ఛాయాచిత్రం తీయము, పేరు ప్రకటించము.

దాతలారా! ధాన్యంతో పాటు నెలకొక పూట మీ శ్రమను కూడా సమర్పించండి. పుచ్చుకునే వారి తల వంచనీయని దానమే స్వామికి ప్రీతికరమైన నైవేద్యం.

స్వస్తి.