నిలిచే చిత్రం, తొలగే చిత్రం

(ఖరగ్‌పూర్‌లో తెలుగు విద్యార్థుల, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఖరగ్‌పూర్ స్టేషన్ నామఫలకం మీద వంగ, హిందీ, ఆంగ్ల లిపులు కనిపిస్తాయి. ఫలకం మీద కనిపించని భాషలు ఊరిలో మరికొన్ని వినిపిస్తాయి. వాటిలో మన తెలుగు ఒకటి. 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ తన కేంద్రాన్ని నెలకొల్పిన తరువాత, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి అనేక కుటుంబాలు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఈ ఊరు చేరాయి. మథురాకాటి, నీంపురా వంటి పేటలలో వారి మనుమలు, మునిమనుమలు నేటికీ ఇంట తెలుగు మాట్లాడుతున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాషల సరసన స్థానం కల్పించాలని నిర్ణయించింది.

అయితే ఈ కుటుంబాల చరిత్ర ఎక్కడ ఉంది? గ్రంథాలలో ఉన్నది స్వల్పం. అధిక భాగం గోడమీది పటాలలో, ట్రంకుపెట్టె అడుగున దాచిన ఫొటోలలో ఉంది. రైల్వే ఉద్యోగి పదవీ విరమణ చేసిన తరువాత క్వార్టరు ఖాళీ చేయక తప్పదు. గోడ రైల్వేవారిది, గోడమీది పటం మనది. ఆ పటాలను సెల్‌ఫోనుతో మళ్లీ ఫొటో తీసి, అంతర్జాలంలోని ఛాయాచిత్ర భాండాగారాలలో చేర్చాలని మీలో అనేకులు ఉత్సాహపడుతున్నారు. సంతోషించదగిన విషయమే. కాని అట్లా చేర్చిన చిత్రం కొద్ది రోజులలోనే తొలగిపోయినప్పుడు మనసు కష్టపడుతుంది. 'మా తాతల ఫొటో అంటే వారికి చులకన' అని కొందరు అనుకుంటారు. 'మా ఫొటో మసకగా ఉంది, అందుకే తీసివేశారు' అని మరికొందరు సరిపెట్టుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ తరచుగా పొరపాటే. చిత్రం మంచిదా కాదా అనేది ఒక ప్రశ్న. చిత్రం ఉండవచ్చునా ఉండరాదా అనేది మరొక ప్రశ్న. ఈ రెండింటి తేడాను వివరించడమే నేటి నా ప్రసంగోద్దేశం.

మొదట నాణ్యత సంగతి చూద్దాం. రైళ్ల ఛాయాచిత్రాలకే ప్రత్యేకమైన భాండాగారాలు కొన్ని ఉన్నాయి. వాటిలో 'రైల్‌పిక్చర్స్' అనేది కఠినమైన పరీక్షకు పేరుపడింది. వెలుతురు రైలుబండికి వెనుకనుండి పడినా, క్షితిజరేఖ కొంచెం ఒరిగినా, చిత్రం అంచులు పొందికగా కత్తిరించకపోయినా, పరీక్షకులు ఆ చిత్రాన్ని స్వీకరించరు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. అది ప్రదర్శనశాల. ప్రదర్శనశాలలో ఎన్నిక ఉండక తప్పదు.

2004 సెప్టెంబరు 7న ప్రారంభమైన వికీమీడియా కామన్స్ స్వభావం వేరు. అది ప్రదర్శనశాల కంటె గ్రంథాలయానికి దగ్గర. నేడు అందులో 10 కోట్లకు పైగా దస్త్రాలు ఉన్నాయి. తెలుగు వికీపీడియాతో సహా అనేక భాషల విజ్ఞాన సర్వస్వాలకు బొమ్మలు అక్కడినుండే వస్తాయి. అక్కడ నాణ్యతకు గౌరవ శ్రేణులు ఉన్నాయి. 'నాణ్యమైన చిత్రం' అనిపించుకోవాలంటే చిత్రంలో కనీసం 20 లక్షల బిందువులు ఉండాలి. స్పష్టత, వెలుతురు, వర్ణం, కూర్పు సరిగా ఉండాలి. 'విశేష చిత్రం' కావాలంటే సభ్యుల వోటింగు జరుగుతుంది. కనీసం 7 అనుకూల వోట్లు రావాలి, వ్యతిరేకించినవారికి సమర్థించినవారు రెట్టింపు కావాలి. మూడవది 'విలువైన చిత్రం'. దీనికి బిందువుల లెక్క లేదు. ఫలానా విషయాన్ని చూపడానికి ఉన్న చిత్రాలన్నిటిలో ఇదే ఎక్కువ ఉపయోగకరమా అని మాత్రమే అడుగుతారు. అయితే వివరణ సమగ్రంగా ఉండాలి, తీసిన స్థలం తెలియాలి. అనగా నాణ్యత వేరు, విలువ వేరు అని ఆ సంస్థ తన నియమాలలోనే అంగీకరించింది.

ఈ తేడాకు ఉదాహరణ మన ఊరిలోనే ఉంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా అది చిరకాలం ప్రసిద్ధి పొందింది. ఇంత పొడవును ఒక ఫొటోలో ఎట్లా పట్టడం? నామఫలకాన్ని ఎంత స్పష్టంగా తీసినా పొడవు తెలియదు. ప్లాట్‌ఫారం చివర నిలబడి తీస్తే, అవతలి కొస మంచులోనో ఎండ మిలమిలలోనో కలిసిపోతుంది. నాణ్యతా పరీక్షలో మొదటి చిత్రం నెగ్గవచ్చు. చెప్పవలసిన విషయాన్ని చెప్పేది మాత్రం రెండవదే.

ఇక్కడే మరొక పాఠం కూడా ఉంది. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం 1366 మీటర్లతో మన రికార్డును దాటింది. 2023లో హుబ్బళ్లి 1507 మీటర్లతో దానినీ మించింది. ఇప్పుడు 'ప్రపంచంలో అత్యంత పొడవైన ప్లాట్‌ఫారం, ఖరగ్‌పూర్' అన్న పాత వివరణతో ఉన్న ఫొటోను తొలగించాలా? అక్కరలేదు. దాని క్రింద తీసిన సంవత్సరం వ్రాస్తే చాలు. 2005లో తీసిన చిత్రానికి ఆ మాట ఆనాటి సత్యమే. తేదీ లేని వాక్యం అబద్ధమైపోతుంది. తేదీ ఉన్న వాక్యం చరిత్ర అవుతుంది.

ఇక తొలగింపు సంగతి. కామన్స్ వంటి చోట మసకగా ఉండడం ఒక్కటే సాధారణంగా ప్రాణాపాయ కారణం కాదు. అదే విషయానికి అంతకంటె మంచి చిత్రాలు అనేకం ఉండి, దీనివల్ల ప్రయోజనం లేదని తేలితేనే ఆ ప్రశ్న వస్తుంది. ఏదో ఒక భాషా విజ్ఞాన సర్వస్వం ఆ చిత్రాన్ని వ్యాసంలో వాడుకుంటూ ఉంటే, ప్రయోజనం ఉన్నట్లే లెక్క. తొలగింపుకు ప్రధాన కారణం హక్కుల ప్రశ్న. ఈ ఫొటో ఎవరు తీశారు? ఇతరులు స్వేచ్ఛగా వాడుకోవచ్చునని చెప్పే అధికారం ఎవరిది? దీనికి జవాబు లేక గట్టి అనుమానం మిగిలితే చిత్రాన్ని ఉంచరాదని వారి నియమం.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. వర్క్‌షాపు కార్మికులు వరుసగా నిలబడిన పాత సామూహిక చిత్రం ఒక ఇంట ఉంది. మనుమడు అద్దం మీదనే సెల్‌ఫోనుతో ఫొటో తీశాడు. కర్త అన్నచోట 'నా స్వంత కృతి' అని గుర్తు పెట్టాడు. శీర్షిక స్థానంలో ఫోను ఇచ్చిన అంకెలే మిగిలాయి. వివరణ లేదు. పరీక్షించే వ్యక్తి ఎక్కడో దూరదేశంలో ఉన్నాడు. అతనికి నీంపురా తెలియదు, ఆ తాత తెలియడు. అతనికి కనిపించేది ఇంతే: అర్ధశతాబ్దం నాటి ఫొటోను పాతికేళ్లు కూడా నిండని యువకుడు తానే తీశానంటున్నాడు. అతను తొలగింపుకు ప్రతిపాదిస్తే దోషం ఎవరిది? ఆ చిత్రానికి సాక్షులు ఉన్నారు. ఆ సాక్ష్యం చిత్రంతోపాటు ప్రయాణం చేయలేదు.

మన చట్టం ఈ విషయంలో ఏమి చెప్పుతున్నదో విద్యార్థులు తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఫొటో కాగితం ఎవరి పెట్టెలో ఉంటే వారికి హక్కు ఉన్నట్లు కాదు. సాధారణంగా తీసినవారే కర్త. అయితే 17వ సెక్షనులో ఒక ముఖ్యమైన అంశం ఉంది. స్టూడియోకు డబ్బిచ్చి మనం తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్న వ్యక్తే తొలి హక్కుదారు. కనుక తాతగారు తీయించుకున్న పెండ్లి ఫొటో విషయంలో కుటుంబం మాటకు బలం ఉంది. ఆ సంగతి వివరణలో వ్రాయాలి. 'నేను తీశాను' అని వ్రాయరాదు. మరొకటి, కామన్స్‌లో ఉంచే చిత్రం అది పుట్టిన దేశంలోనే కాక అమెరికాలో కూడా హక్కుల బంధం లేనిదై ఉండాలి. ఇంకొకటి, ఒకసారి స్వేచ్ఛా లైసెన్సు ఇచ్చిన తరువాత వెనుకకు తీసుకోవడానికి వీలు లేదు. అందువల్ల ఇంటిలోని పెద్దలను అడిగిన తరువాతనే ఆ పని చేయాలి.

అనువాదకుడిగా నాకు ఇక్కడ హిందీలోని రెండు క్రియలు జ్ఞాపకం వస్తాయి. 'హటానా' అంటే ప్రక్కకు తీయడం. 'మిటానా' అంటే రూపు లేకుండా చెరిపివేయడం. తెలుగులో తొలగించడం, చెరిపివేయడం అనవచ్చు. ఆంగ్లంలోని 'డిలీట్' ఈ రెండింటినీ మింగి కూర్చుంది. అందుచేత మనం రెండింటినీ ఒకే విధంగా భయపడుతున్నాము.

కామన్స్‌లో జరిగేది హటానా. స్పష్టమైన హక్కుల ఉల్లంఘన అయితే వెంటనే తీస్తారు. తక్కిన సందర్భాలలో కారణం చూపి, సాధారణంగా 7 రోజులు చర్చకు అవకాశం ఇస్తారు. చిత్రం చేర్చినవారికి కబురు అందుతుంది. వోట్ల సంఖ్య కంటె కారణాల బలాన్ని బట్టి నిర్ణయం జరగాలి. తొలగించిన దస్త్రం ప్రజలకు కనిపించదు. నిర్వాహకులు దానిని తిరిగి తెరువగలరు. సరియైన అనుమతి పత్రం అందినప్పుడు పునరుద్ధరణ కోరవచ్చు. హక్కు గడువు తీరే సంవత్సరం తెలిస్తే, ఆ సంవత్సరంలో మళ్లీ ఉంచడానికి గుర్తు పెట్టుకునే ఏర్పాటు కూడా ఉంది. తలుపు మూసినా తాళంచెవి పారవేయలేదన్నమాట.

వ్యాపార సంస్థల పద్ధతి వేరు. ఒకనాడు మన యువజనులు ఎంతో అభిమానించిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. ఊళ్ల దృశ్యాలను పటం మీద చూపిన పానోరమియో 2016 నవంబరులో నిలిచిపోయింది. ఫ్లికర్ సంస్థ, ఉచిత సభ్యులు 1000 చిత్రాలకు మించి ఉంచుకోరాదని 2018 నవంబరులో ప్రకటించింది. మించినవాటిలో అతి పాతవి ముందుగా పోతాయని హెచ్చరించింది. స్వేచ్ఛా లైసెన్సు ఉన్న చిత్రాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఈ నిర్ణయాలలో ఏ ఒక్క చిత్రం గుణదోషాల విచారణా లేదు. స్థలం, ఖర్చు, లాభం, ఇవే కొలతలు. సామాన్యంగా చరిత్రకారుడు పాతదానిని ముందు కాపాడతాడు. ఇక్కడ పాతదే ముందు పోవలసి వచ్చింది. కనుక ఏ భాండాగారాన్నయినా చేరేముందు మూడు ప్రశ్నలు వేయండి. తొలగించేముందు కారణం చెప్పుతారా? జవాబుకు గడువు ఇస్తారా? పోయినది తిరిగి వచ్చే దారి ఉందా? ఈ మూడూ లేనిచోట ఉన్న ఒక్క ప్రతిని నమ్మి ఉంచకండి.

తొలగింపు ఎల్లప్పుడూ నష్టమేనని కూడా అనుకోరాదు. ఆసుపత్రి మంచం మీద ఉన్న వ్యక్తి, ఇంటిలోపల ఆదమరచి ఉన్న స్త్రీ, దుఃఖంలో ఉన్న కుటుంబం, వీరి ఫొటోలు వారి సమ్మతి లేకుండా లోకానికి చూపడం తగదు. అటువంటి చిత్రం ఎంత స్పష్టంగా ఉంటే అంత అపరాధం. అక్కడ తొలగింపే సభ్యత. 'వద్దు' అన్న మనిషి మాటకు స్పష్టత, కూర్పు, వెలుతురు ఏవీ సమాధానం కావు.

ఇక మన కర్తవ్యం. ప్రతి చిత్రంతోపాటు అయిదు సంగతులు వ్రాయండి: చిత్రంలో ఉన్నది ఎవరు, ఏ స్థలం, ఏ సంవత్సరం, తీసినది ఎవరు, ఇప్పుడు ప్రకటించడానికి అనుమతి ఎవరిది. సంవత్సరం నిశ్చయంగా తెలియకపోతే 'సుమారు' అని వ్రాయండి; ఊహను నిజమని వ్రాయకండి. పటాన్ని వీలైతే అద్దం నుండి తీసి, నీడలో పగటి వెలుతురుకు ఫొటో తీయండి. పాత ఫొటో వెనుకవైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర, చేతివ్రాత అక్కడే ఉంటాయి. మసకను పోగొట్టాలని యంత్రంతో ముఖాలకు కొత్త మెరుగులు దిద్దకండి. మసక ముఖం సత్యం. మెరుగు దిద్దిన ముఖం మరెవరిదో కావచ్చు.

వివరణ తెలుగులో వ్రాయవచ్చు. అదే చిత్రం క్రింద హిందీలో, వంగభాషలో కూడా చేర్చవచ్చు. కామన్స్ అందుకు వీలు కల్పించింది. ఒక సామూహిక చిత్రంలో మన తాత ప్రక్కన నిలబడినవారు బెంగాలీ కావచ్చు, ఒడియా కావచ్చు, బీహారువారు కావచ్చు. వారి పేర్లు మన ఇంట తెలియకపోవచ్చు, పొరుగింట తెలియవచ్చు. ఆ ఫొటో పట్టుకొని పొరుగింటికి వెళ్లండి. వెనుక వరుసలో పేరు లేక నిలబడిన మనిషికి ఒక పేరు దొరికితే, ఆనాడు ఆ కర్మాగారంలో వారంతా కలిసి పనిచేశారనడానికి అంతకు మించిన సాక్ష్యం వేరే అక్కరలేదు.

ఆ పేర్లు తెలిసిన పెద్దలు మన మధ్య ఇంకా కొందరు ఉన్నారు. తొలగిన చిత్రానికి పునరుద్ధరణ ఉంది. వారి జ్ఞాపకానికి లేదు. ఈ సెలవులలోనే ఆ పని ప్రారంభించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.