ఆకు పేరు, బిడ్డ చర్మము
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసము)



వేలూరు, గుడియాత్తము ప్రాంతముల తెలుగు ఇండ్లలో బిడ్డకు దురద పుట్టినచో మొదట వెదకునది పెరటి ఆకునే. గజ్జికి కుప్పింటాకు, తామరకు మెట్టతామర ఆకు, పొక్కులకు వేపాకు, పసుపు మన పెద్దలు వాడినవి. వానిని మేము నిరసింపము. వేపకును పసుపునకును సూక్ష్మజీవులను అణచు గుణము కొంత కలదు. అయినను ఆకుమందు గనుక అపాయము లేదని తలంచుట తగదు.

మనకు వేరొక చిక్కు కూడ కలదు. ఇంటిలో అవ్వ చెప్పునది తెలుగు పేరు. మూలికల అంగడిలో అడుగవలసినది తమిళపు పేరు. కానుగ అచట పుంగు, పొన్న పున్నై. ఈ రెండును చెవికి దగ్గరగా వినబడును గాని చెట్లు వేరు, నూనెలు వేరు. నల్లజీడిని సేరాంగొట్టై అందురు. చాకలివారు బట్టలకు గురుతు పెట్టిన గింజ అదియే. దాని రసము తగిలినచో చర్మము బొబ్బలెక్కును. ఎరుక్కు అనబడు జిల్లేటి పాలు కంటబడినచో చూపునకే చేటు. కావున పేరు చెప్పి బిడ్డను అంగడికి పంపక, ఆకును ఎరిగినవారికి చూపి నిర్ధారణ చేసికొనుడు.

పూత మందును మొదట ముంజేతిపై కొంచెము రాచి ఒకనాడు వేచి చూడవలెను. పుండ్లపై, కన్నుల చెంత పూయరాదు. పూతమందును కడుపులోనికి ఈయనే రాదు. వేపనూనె త్రాగించిన పసిబిడ్డలకు మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలిగిన ఉదంతములు కలవు. పుట్టుకతో రక్తములో ఒక లోపము గలవారు కుప్పింటాకు తినినచో రక్తకణములు పగులును.

గజ్జి సూక్ష్మమైన పురుగువలన వచ్చును. ఒక్క బిడ్డకు మందు పూసిన చాలదు. వైద్యుడు చెప్పిన మందును ఇంటివారందరును ఒకేనాడు పూసికొనవలెను.

దురద లేక, స్పర్శ తెలియక, పాలిపోయిన మచ్చ కనబడినచో ఏ ఆకును పూసి కాలము గడపకుడు. అది కుష్ఠు కావచ్చును. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు పాల్ బ్రాండు ఆ రోగమున వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సచే సరిదిద్దెను. చెంతనున్న కరిగిరిలో 1955లో కుష్ఠు పరిశోధనాలయము వెలసెను. నేడు ఆ వ్యాధి ఆరు లేక పండ్రెండు నెలల మందులతో నయమగును. ప్రభుత్వ వైద్యశాలలలో అవి ఉచితము. ఆలస్యమైనచో నరములు చెడును.

బిడ్డలు మచ్చను సిగ్గుచే దాతురు. స్నానము చేయించునపుడు వీపును, చేతులను ఒక్కమారు పరికింపుడు. మచ్చ కనబడినచో కోపింపక వైద్యుని యొద్దకు తోడ్కొనిపొండు. మాకు తెలిపినను ఆ మాట పదిమందిలో పొక్కనీయము.