వరుస తప్పిన కాగితము

ఆదిలాబాదు ప్రాంతపు మారుమూల పల్లెనుండి ఒక రైతు తెల్లవారుజామున బస్సెక్కి కచేరీకి వచ్చినాడనుకొందము. అర్జీ సరిగానే ఉన్నది. అధికారి ఒప్పుకొన్నాడు. గుమాస్తా కంప్యూటరు మీట నొక్కినాడు. కాగితము మాత్రము వెలువడలేదు. “ప్రింటరు పనిచేయుట లేదు, రేపు రండి” అను ఒక్క మాటకు ఆ రైతు చెల్లించునది ఒకనాటి కూలి, మరల రానుపోను బస్సు చార్జీలు. అయితే అనేక పర్యాయములు చెడినది యంత్రము కాదు, దాని ఏర్పాటు. ఈ సంగతిని కొంచెము విచారింతము.

2016 అక్టోబరు 11న మన జిల్లాల రూపము మారినది. పాత ఆదిలాబాదునుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలును, పాత కరీంనగరమునుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలును ఏర్పడినవి. పిమ్మట పలు శాఖలను ఒకే కప్పు క్రిందికి చేర్చు సమీకృత కలెక్టరేటు భవనములు వెలసినవి. ప్రజలకిది మేలే. కాని పలు శాఖలు ఒకచో చేరినప్పుడు శాఖకొక సర్వరు, అందరికి ఉమ్మడిగా కొన్ని ప్రింటర్లు అను స్థితి సులభముగా ఏర్పడును. చిక్కు అచ్చటనే మొదలగును.

పూర్వము కచేరీలలో నకళ్ళు వ్రాయు గుమాస్తా ఉండెడివాడు. కాగితములను బల్లమీద పేర్చుకొని, ముందు వచ్చినదానిని ముందు వ్రాసెడివాడు. సర్వరు ప్రింటరుకొరకు చేయు పనియు ఇదియే. అయితే ఒకే గుమాస్తా ముందు ఇద్దరు అధికారులు రెండు దొంతరలు పెట్టినచో ఏమగును? రెండు సర్వర్లు ఒకే ప్రింటరును ఏలినప్పుడును అంతే. ఒక వరుస సంగతి రెండవదానికి తెలియదు. ఇచ్చట పని ఆపినను అచ్చటినుండి కాగితములు వచ్చుచునే యుండును. ఒక సర్వరులో పెట్టిన కట్టుబాటు రెండవదానిలో చెల్లదు.

మేమును ఒక కార్యాలయమున ఈ బాధ పడితిమి. ప్రసంగపాఠమును ముద్రణకు పంపి, మా గదిలోని యంత్రము కదలకుండుటచే మరల రెండుసార్లు పంపితిమి. లెక్కల విభాగమున మూడు ప్రతులు వెలువడి, వారి జీతపు పట్టీలలో కలిసిపోయినవి. రెండు యంత్రములకును ఒకటే పేరుండుటయే కారణము!

నివారణకు పెద్ద వ్యయ మక్కరలేదు. ఒక్కొక్క ప్రింటరుకు ఒక్క సర్వరే బాధ్యత వహింపవలెను. ఆ సర్వరు నిలిచిన దినమునకై మరియొకదానిని సిద్ధపరచి, అందును అదే డ్రైవరు నుంచి, ముందుగనే పరీక్షించి ఊరక ఉంచవలెను. ప్రింటరు నెట్‌వర్కు చిరునామా దినమున కొకటిగా మారరాదు. పేరు చూడగనే చోటు తెలియవలెను: “రెండవ అంతస్తు, రెవెన్యూ, నలుపు” అనినచో క్రొత్త గుమాస్తాకును తికమక యుండదు. రహస్యపత్రములు, సంబంధించినవారు యంత్రము చెంతకు వచ్చి తమ సంకేతసంఖ్య నొక్కిన పిదపనే వెలువడునట్లు ఏర్పాటు చేయవచ్చును. వీటినన్నిటిని ఒక రిజిస్టరులో వ్రాసి, ఒకరి చేత ఉంచవలెను. పదిమంది బాధ్యత ఎవరి బాధ్యతయు కాదు.

భద్రతను గూర్చి ఒక మాట. 2021 జులైలో విండోస్ కంప్యూటర్లలో ముద్రణవరుసను నడుపు స్పూలరునందు లోపము బయల్పడినది. పరులు ఆ దారిన చొరబడి యంత్రమునంతను వశపరచుకొనగలరని తేలినది. కావున దిద్దుబాట్లను వెంటనే వేయవలెను. ముద్రణతో పనిలేని సర్వర్లలో స్పూలరును ఆపివేయుట క్షేమము.

కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోని కాగజ్‌నగరమునకు పేరే కాగితమునుండి వచ్చినది. అచ్చటి సిర్పూరు మిల్లు 2014లో మూతపడి, 2018లో చేతులు మారి, తిరిగి నడక సాగించినది. కాగితము నిలిచిపోయినచో ఎన్ని కుటుంబముల బ్రతుకు నిలిచిపోవునో ఆ ఊరికి ఒకరు చెప్పనక్కరలేదు. కచేరీ కిటికీ ముందు నిలిచిన రైతుకును అంతే. సాయంకాలపు బస్సు కదలునప్పటికి అతని కాగితము అతని చేతిలో నుండవలెను.