వద్దనే వీలు

పట్టా అందుకుంటున్న విద్యార్థులకు, విజిటర్ వీసా మీద వచ్చి ముందు వరసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు, ఊళ్లో అర్ధరాత్రి దాటినా ఫోన్లు పట్టుకుని ఈ కార్యక్రమం చూస్తున్నవాళ్లకు అభినందనలు.

మీలో చాలామంది బీడీఎస్సో, బీఫార్మసీయో చేసి అమెరికా వచ్చి పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ పూర్తిచేశారు. ఇక చేయబోయే ఉద్యోగమేమిటో ఇంట్లోవాళ్లకు చెప్పడానికి తంటాలు పడుతుంటారని నాకు తెలుసు, నేనూ పడ్డాను. పెద్దవాళ్ల కోసం ఒక్క మాటలో చెబుతాను. ప్రభుత్వమో, ఫౌండేషనో డబ్బు పెట్టి ఒక ఆరోగ్య పథకమో సంక్షేమ పథకమో నడుపుతుంది. అది జనానికి పనికొచ్చిందా లేదా అని లెక్క తేల్చేవాళ్లు మీ పిల్లలు. డాక్టర్ కాదు, ఆడిటర్ కాదు. రెంటికీ మధ్య ఏదో.

ఈ పనిలో నీతి అనగానే మీకు ఆన్‌లైన్ ట్రైనింగ్ గుర్తుకొస్తుంది. క్విజ్ రాసి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి, ఎథిక్స్ కమిటీకి పంపితే ఆ పని అయిపోయినట్టే. దాన్ని నేను తక్కువ చేయను. కానీ నేను ముందుగా అడిగే ప్రశ్న ఆ క్విజ్‌లో ఎప్పుడూ కనిపించలేదు. మనం ఎవరిని లెక్కగడుతున్నామో ఆ మనిషికి వద్దు అని చెప్పే వీలుందా? చెబితే ఏం పోతుంది?

మన ఖమ్మంతో మొదలుపెడతాను. ఆ కథకు ఒక కొస అమెరికాలోనే ఉంది. సియాటెల్ కేంద్రంగా పనిచేసే పాత్ అనే సంస్థ, గేట్స్ ఫౌండేషన్ నిధులతో, భారత వైద్య పరిశోధన మండలినీ అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్నీ కలుపుకుని 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా కార్యక్రమం మొదలుపెట్టింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి టీకా వేశారు. మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన గార్డసిల్ అది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది. ఆ జబ్బుతో మన దేశంలో ఏటా 70 వేల మందికి పైగా ఆడవాళ్లు చనిపోతున్నారు. టీకాకు లైసెన్సు కూడా ఉంది. కాబట్టి ఉద్దేశాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. బడుల ద్వారా వేస్తే ఎంతమందికి చేరుతుంది, ఎంత ఖర్చవుతుంది, జనం ఒప్పుకుంటారా అన్నది తేల్చుకోవాలనుకున్నారు. మీరు రెండేళ్లు చదివింది ఇదే.

పిల్లల మరణాల వార్తలు వచ్చాయి. మహిళా ఆరోగ్య సంఘాలు ఖమ్మం వెళ్లి చూసి గొడవ చేశాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. ఇలాంటిదే నడుస్తున్న గుజరాత్‌ను కూడా కలిపితే చనిపోయిన పిల్లలు ఏడుగురు. వాళ్లలో నీళ్లలో మునిగిన పిల్ల ఉంది, పాము కరిచిన పిల్ల ఉంది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ వాట్సాప్‌లో వేరే కథ తిరుగుతూనే ఉంది.

అయితే విచారణలో తేలినది మరొకటి ఉంది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో చూడండి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

ఆశ్రమ పాఠశాలలో చదివే గిరిజన పిల్లను ఊహించుకోండి. అమ్మానాన్నలు ఎక్కడో గూడెంలో ఉంటారు. అన్నం పెట్టించేది వార్డెనే, సెలవులకు ఇంటికి పంపేది వార్డెనే, ఇప్పుడు కన్నవాళ్ల బదులు సంతకం పెట్టిందీ వార్డెనే. వరసలో నిలబడమంటే ఆ పిల్ల నిలబడక ఏం చేస్తుంది? ఇక్కడ వార్డెన్లను దుర్మార్గుల్ని చేయడం సులువు. పై నుంచి ఆదేశం వచ్చింది, పిల్లలకు మంచిదే అన్నారు, వాళ్లు పెట్టారు. మీరు ఆ కుర్చీలో ఉన్నా పెట్టేవాళ్లేమో.

ఇది క్లినికల్ ట్రయల్ కాదు, టీకాను జనానికి చేర్చే పద్ధతిని పరీక్షించడమే అని పాత్ వాదించింది. స్థాయీ సంఘం ఒప్పుకోలేదు. నన్నడిగితే ఆ వాదన పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. ట్రయల్ కాదనుకోవడం వల్ల, పిల్లకు తర్వాత జ్వరమొస్తే ఎవరు చూడాలి, ఏదైనా అయితే ఎవరు బాధ్యులు అన్నవి గట్టిగా ఏర్పాటు కాలేదు. అయినా పిల్లలు మాత్రం ఒకరి లెక్కల్లో అంకెలయ్యారు. ఆ గొడవ తర్వాత మంచి టీకా మీదే అనుమానం పడింది, ఏళ్ల తరబడి అది వదల్లేదు. ఆ నష్టం కూడా ఆ గూడేల ఆడపిల్లలదే.

ఇక అమెరికాలోని టస్కెగీ. సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు పెనిసిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా 1972 దాకా గమనిస్తూ కూర్చున్న కథ మొదటి సెమిస్టర్‌లోనే చదివారు, దాన్ని మళ్లీ చెప్పను. దానికి ముందు జరిగింది మాత్రం చాలామందికి తెలియదు. రోజన్‌వాల్డ్ ఫండ్ డబ్బుతో దక్షిణాదిలోని కొన్ని కౌంటీల్లో సిఫిలిస్ పరీక్షలూ చికిత్సా చేసే పథకం నడిచింది. అలబామాలోని మేకన్ కౌంటీ అందులో ఒకటి. ఇంతలో ఆర్థిక మాంద్యం వచ్చి నిధులు ఆగాయి, చికిత్సా ఆగింది. 1932లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య విభాగం అదే కౌంటీకి తిరిగి వచ్చింది, ఈసారి చికిత్స లేకుండా రోగం ఎలా ముదురుతుందో చూడటానికి. పథకం పోయింది, లెక్కలు రాసేవాళ్లు మిగిలారు. గ్రాంట్ అయిపోయాక జనం సంగతేమిటని మీరు అడిగినప్పుడు, అది మన పరిధి కాదని ఏ మేనేజరైనా అంటే మేకన్ కౌంటీ పేరు చెప్పండి.

బాల్టిమోర్ కథ ఇంకా చిక్కుది. అక్కడ పాత ఇళ్ల గోడలకు సీసం కలిసిన రంగులు. పసిపిల్లలు ఆ దుమ్ము మింగితే మెదడు దెబ్బతింటుంది. పూర్తిగా శుభ్రం చేయించాలంటే బోలెడు ఖర్చు, ఇళ్ల యజమానులు చేయించరు. తక్కువ ఖర్చుతో కొంతవరకే శుభ్రం చేస్తే సరిపోతుందా అని కెన్నెడీ క్రీగర్ ఇన్‌స్టిట్యూట్ 1990ల్లో పరిశీలించింది. ఆ ఇళ్లలో చిన్నపిల్లలున్న కుటుంబాలు ఉండాలి, ఆ పిల్లల రక్తంలో సీసం ఎంతుందో చూడాలి. అదీ కొలమానం. ఒక ఇంట్లో దుమ్ములో సీసం ఎక్కువుందని తేలినా ఆ తల్లికి చాలా నెలల తర్వాత గానీ చెప్పలేదు. మేరీలాండ్ అప్పీల్స్ కోర్టు 2001లో ఇచ్చిన తీర్పులో దీన్ని టస్కెగీ సరసన నిలబెట్టింది.

పరిశోధకుల పక్షాన కూడా ఒక మాటుంది. వాళ్లు రాకపోతే ఆ పిల్లలు అసలేమీ శుభ్రం చేయని ఇళ్లలోనే ఉండేవాళ్లు. ఈ మాట నన్ను చాలా కాలం తికమక పెట్టింది. ఇప్పుడు నా అభిప్రాయం ఇది. ఉన్నదానికంటే మేలు చేయడం ఒక పని, చేతిలోకొచ్చిన ఫలితాన్ని ఆ తల్లికి ఆ రోజే చెప్పడం ఇంకో పని. మొదటిది చేశాం కదా అని రెండోది ఎగ్గొట్టే హక్కు రాదు. చెప్పి ఉంటే ఆమె ఇల్లు మారేదేమో. అప్పుడు మన డేటాలో ఒక ఇల్లు తగ్గేది. తగ్గనివ్వండి.

ఇక న్యూయార్క్. అక్కడ 2010లో ఇళ్లు పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్న 400 కుటుంబాలను తీసుకుని, లాటరీ తీసి సగం మందికి హోమ్‌బేస్ అనే నగర పథకం సాయం అందించి, మిగతా సగం మందిని రెండేళ్లు పక్కనపెట్టారు. పత్రికల్లో వచ్చాక పెద్ద గొడవైంది. ఈ విషయంలో నేను నగరాన్ని మరీ అంతగా తిట్టలేను. అడిగిన అందరికీ ఇచ్చేంత డబ్బు లేనప్పుడు లాటరీ తీయడం పలుకుబడి ఉన్నవాళ్లకు ఇవ్వడం కంటే న్యాయం. 2008లో ఓరెగాన్ రాష్ట్రం పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ కోసం లాటరీ తీసినప్పుడు ఇంత కోపం రాలేదు. అక్కడ జనమే పేర్లిచ్చుకున్నారు, లాటరీ అని అందరికీ తెలుసు, ప్రభుత్వం తన అవసరానికి తీసిన లాటరీని పరిశోధకులు వాడుకున్నారు. న్యూయార్క్‌లో ఇల్లు పోతుందన్న భయంతో వచ్చినవాళ్లను అధ్యయనం కోసం వెనక్కి పంపారు.

కాగితాలు పెంచితే ఇదంతా పోతుందనుకోకండి. మిషిగన్ ఐసీయూల్లో చేతులు కడుక్కోవడం లాంటి ఐదు అంశాల చెక్‌లిస్టుతో పీటర్ ప్రొనొవోస్ట్ బృందం రక్తంలో ఇన్ఫెక్షన్లను భారీగా తగ్గించింది. దానికి సరైన అనుమతుల్లేవని ఫెడరల్ అధికారులు 2007లో అడ్డుపుల్ల వేసి, విమర్శలొచ్చాక 2008లో వెనక్కి తగ్గారు. చేతులు కడుక్కోవడానికి రోగి సంతకం అడిగే కాగితాల పద్ధతే, ఆశ్రమ పాఠశాలలో వార్డెన్ సంతకం చాలనుకుంటుంది.

ఇక మీకు బాగా దగ్గరగా ఉన్న విషయానికొస్తాను. ఇక్కడ ప్రభుత్వ సంక్షేమ పథకాలను పరీక్షించే ప్రాజెక్టుల్లో కొన్నింటికి పరిశోధన నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. టస్కెగీ తర్వాత మనుషుల మీద పరిశోధనల గురించి 1974లో చట్టం చేసి, 1979లో నీతి సూత్రాలతో బెల్మాంట్ నివేదిక రాసుకున్న దేశంలోనే ఈ కిటికీ తెరిచి ఉంది. 2018 జూన్‌లో ఆర్కన్సాలో మెడికెయిడ్ తీసుకునేవాళ్లు నెలకు 80 గంటలు పనిచేస్తున్నట్టు చూపించాలని నిబంధన పెట్టారు. ఫెడరల్ ప్రభుత్వం దానికి ప్రయోగం కిందే అనుమతి ఇచ్చింది. మొదట్లో గంటలు నమోదు చేయాల్సింది ఆన్‌లైన్‌లోనే. ఆ వెబ్‌సైటు రాత్రి 9 నుంచి పొద్దున 7 దాకా మూతపడేది. పగలంతా పనిచేసి వచ్చి, పనిచేశానని రాయడానికి వీల్లేదు. ఆ ఏడాది చివరికి 18 వేల మందికి పైగా బీమా పోయింది. 2019లో హార్వర్డ్ పరిశోధకులు బయటి నుంచి సర్వే చేసి చూస్తే ఉద్యోగాలేమీ పెరగలేదు. ఆ నిబంధన కిందకొచ్చినవాళ్లలో 95 శాతానికి పైగా అప్పటికే పనిచేస్తున్నారు, లేదా మినహాయింపుకు అర్హులు. ఆ మార్చిలోనే ఫెడరల్ జడ్జి దాన్ని ఆపేశారు. ఆ 18 వేల మందిలో ఈ ప్రయోగంలో ఉంటారా అని ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవారో మీరే ఆలోచించండి.

2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం నెలకు 80 గంటల నిబంధన 2027 మొదలయ్యేలోగా మెడికెయిడ్‌ను విస్తరించిన రాష్ట్రాల్లో రావాలి. దాని లెక్కలు తీసే కాంట్రాక్టులు కన్సల్టింగ్ కంపెనీలకు వస్తాయి, వాటిలో మీరుంటారు. నివేదిక మొదటి పేజీలో ఎంత డబ్బు ఆదా అయిందో రాయమంటారు. బీమా పోయినవాళ్ల సంఖ్య అనుబంధంలో 64వ పేజీకి పోతుంది. దాన్ని మొదటి పేజీకి తీసుకురావడం మీ చేతిలో ఉన్న పనే.

ఇక్కడ మీ పరిస్థితి నాకు తెలియక చెబుతున్నానని అనుకోకండి. చదువయ్యాక పనిచేసుకోవడానికిచ్చే ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటితే స్టేటస్ పోతుంది. లోను ఉంది, నాన్న పొలం తాకట్టులో ఉంది. క్లయింటు ఈ పేరా తీసేయమంటే, కుదరదని చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? వద్దనే వీలు మీకూ తక్కువే. అందుకని ధైర్యం చేయమని మైకు ముందు నిలబడి చెప్పడం నాకు ఇష్టం లేదు. ముందే అడగండి. ప్రాజెక్టులో చేరేటప్పుడు, ఫలితాలు ప్రచురించే హక్కు ఎవరిదని అడగండి. క్లయింటుకు నచ్చకపోయినా నివేదిక బయటికొస్తుందని కాంట్రాక్టులో ఉందో లేదో చూడండి. సమ్మతి పత్రం మీద సంతకం ఎవరి చేత పెట్టిస్తున్నారు, వద్దన్న మనిషికి సేవ కొనసాగుతుందా అని మొదటి మీటింగ్‌లోనే అడగండి. మొదటి మీటింగ్‌లో అడిగితే కొత్తవాళ్లు కదా, తెలుసుకుంటున్నారు అనుకుంటారు. అదే ప్రశ్న చివరి మీటింగ్‌లో అడిగితే ఎదురుతిరిగారంటారు. ఆ తేడాను వాడుకోండి.

ఇంకొకటి. రేపు మీ కంపెనీ తెలుగు పెద్దవాళ్ల మీద సర్వే పెడితే, తెలుగు వచ్చు కదా అని మిమ్మల్నే పంపుతారు. బాబాయ్, పిన్నీ అని పలకరించగానే వాళ్లు మీరు చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తారు, మన పిల్లే కదా అని. అప్పుడు ఫారం పక్కన పెట్టి, సంతకం పెట్టకపోయినా మీ డాక్టర్, మీ మందులు ఎక్కడికీ పోవని ముందు చెప్పండి. సగం మంది పెట్టరు. మీ శాంపిల్ తగ్గుతుంది, సూపర్‌వైజర్ సణుగుతాడు, మరో వారం తిరగాల్సి వస్తుంది. తిరగండి.