గ్రీకు దేవతల పటములు

పద్దులు వ్రాసికొనువానిని ఈ రజతోత్సవమున చిత్రకళనుగూర్చి మాటలాడు మనుటకు కారణ మొకటి కలదు. మన గ్రంథాలయమునకు వచ్చిన యూరపు చిత్రముల గ్రంథములో దేవతలు వస్త్రహీనులై యున్నారనియు, దానిని బీరువాలో నుంచి తాళము వేయవలెననియు కొందరు పెద్ద లనుచున్నారు. వారి సంకోచమును నేను పరిహసింపను. తాళము వేయుటకు ముందు రెండు పటములను కథ తెలిసి చూడుడని మాత్రము ప్రార్థించుచున్నాను.

1748లో ఇటలీయందు పాంపేయి నగరపు త్రవ్వకములు మొదలైన పిమ్మట యూరపు చిత్రకారులకు ప్రాచీన గాథలపై మక్కువ హెచ్చినది. శృంగారవిలాసముల చిత్రములను విడిచి, శిల్పమువలె తీరైన రేఖతో పురాణఘట్టములను వ్రాయ నారంభించిరి. దీనినే నియోక్లాసికల్ పద్ధతి యందురు. ఫ్రాన్సు దేశపు డావిడ్ 1783లో వ్రాసిన పటమున హెక్టరు శవమై పరుండియున్నాడు. భార్య ఆంద్రోమకి ప్రక్కన కూర్చుండి చేయి చాచినది. పసివాడు తల్లి నంటిపెట్టుకొని యున్నాడు. అభిమన్యుని కడ ఉత్తరను ఎరిగిన మనకు దీనికి వ్యాఖ్యానమేల? హెక్టరు దేహమున వస్త్రము చాలదు, నిజమే. శవమును చూచి చాపల్యము పొందువా డుండునా?

రెండవది డావిడ్ శిష్యుడు ఆంగ్ర్ 1811లో వ్రాసినది. పది యడుగులకు మించిన పటము. సింహాసనమున దేవరాజు జ్యూస్ కొండవలె కూర్చుండియున్నాడు. ప్రక్కన గరుడునివంటి డేగ. థెటిస్ యను జలదేవత మోకాళ్లపై నిలిచి, ఒక చేయి ఆయన యొడిలో నుంచి, రెండవ చేతిని గడ్డమువరకు చాచినది. రాజుచేత అవమానము పొందిన కొడుకు అకిలీసుకొరకు ఆమె యాచించుచున్నది. భీష్ముడు గతించినపుడు నీటినుండి లేచి విలపించిన గంగను తలచుకొనుడు. భీష్మైకాదశినాడు రథము లాగు మన యూరివారికి ఈ తల్లి పరాయిది కాదు. ఆమె మెడ వంపును, చేయి సాగుటను సహజముగా లేవని ఆనాటి విమర్శకులు నిందించిరి. నాకు మాత్రము ఆ సాగిన చేతిలోనే ప్రార్థన యంతయు కనబడుచున్నది.

ఈ విద్య మన గోదావరితీరమునకును వచ్చినది. రాజమహేంద్రవరమున 1897లో పుట్టిన దామెర్ల రామారావును, అచ్చటి కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ప్రోత్సహించి బొంబాయి జె.జె. కళాశాలకు పోవునట్లు చేసెను. గ్రీకు విగ్రహముల ప్లాస్టరు అచ్చులను చూచి గీయుట ఆ పాఠశాలలో పాఠము. అట్టిచోట అవయవపు కొలత నేర్చి వచ్చినవాడు వ్రాసిన దేమి? జ్యూస్‌ను కాదు, ఋష్యశృంగుని; సిద్ధార్థుని. 1925లో మశూచి సోకి, 28 ఏండ్లు నిండకుండగనే పోయినాడు. ఆయన పేర రాజమహేంద్రవరమున చిత్రశాల కలదు. అవకాశ మున్నవారు పోయి చూడదగును.

పెద్దల మాటలో న్యాయ మొకటి కలదు: కథ తెలియని పిల్లవానికి పటము వట్టి దేహమే. అందుచేత ఒక్కొక్క పటము కథను తెలుగున చీటీపై వ్రాసి పుటల నడుమ నుంచినాను. గ్రంథము ఇప్పుడు బల్లపై నున్నది. థెటిస్ పటము తెరచినపుడు ఎడమ యంచున మబ్బులను చూడుడు; జ్యూస్ భార్య హేరా అచ్చటనుండి తొంగిచూచుచున్నది.